తేమ మీటరు ఎవరి చేతిలో ఉంది?

పత్తి లోడు జిన్నింగు మిల్లు గేటు దాటి లోపలికి వెళ్లాక ఆ రైతు చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. కొనుగోలు కేంద్రం ఉద్యోగి వస్తాడు. చేతిలో చిన్న పెట్టె, దానికి రెండు సూదులు. లోడులో నాలుగైదు చోట్ల గుచ్చుతాడు. పెట్టె మీద ఒక అంకె కనిపిస్తుంది. 8 లోపు ఉంటే పూర్తి మద్దతు ధర. 8 దాటితే ఒక్కో శాతం తేమకు ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే బండి వెనక్కి. 2025-26కు పొడవు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఆ పెట్టెలో ఒక్క అంకె మారితే క్వింటాలుకు 81 రూపాయలు పోతాయి. వెనక్కి తిప్పిన బండి గేటు బయట నిలబడ్డ దళారీకి ఏ ధరకు పోతుందో మనకు తెలియనిది కాదు. ధాన్యం దగ్గరా ఇదే కథ. అక్కడ గీసిన గీత 17 శాతం.

ఆ అంకె ప్రతిసారీ అబద్ధమని మేము అనడం లేదు. వానకు తడిసిన పత్తిలో తేమ ఉంటుంది, మంచు కురిసే పొద్దున ఏరిన పత్తిలోనూ ఉంటుంది. మా బాధ వేరు. ఆ అంకెను కాదనడానికైనా, అవుననడానికైనా రైతు దగ్గర ఇంకో అంకె లేదు. కొలిచే పనిముట్టు కొనేవాడి చేతిలోనే ఉంది. అది ఎలా పనిచేస్తుందో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో అడగాలన్న ఆలోచన కూడా మనలో చాలామందికి రాదు. అడిగితే "నీకేం తెలుసు, పక్కకు జరుగు" అంటారు. తెలియకపోవడం వల్లే ఆ మాట పడుతున్నాం.

గత వేసవిలో జిల్లా సంఘం కార్యాలయం మేడ మీద గదిలో ఆరు ఆదివారాలు ఒక శిక్షణ జరిగింది. సెన్సార్లతో, చిన్న కంప్యూటరు బోర్డులతో, ఇంటర్నెట్‌కు కలిసే పరికరాలను సొంతంగా తయారుచేయడం అందులో విషయం. పద్నాలుగు మంది వచ్చారు. డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంటికొచ్చిన కుర్రాళ్లు, ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు, ఒక మహిళా కౌలు రైతు, మోటార్లు వైండింగ్ చేసే ఒక పెద్ద మేస్త్రీ. ఆ వార్త పత్రికలో వేశాక మాకు వచ్చిన ఉత్తరాల్లో సగం మెచ్చుకున్నవి, సగం తిట్టినవి. తిట్టిన ఉత్తరాల సారం ఒక్కటే: గిట్టుబాటు ధర లేక రైతు చస్తుంటే, కౌలు రైతుకు బ్యాంకు గుమ్మం ఎక్కే దారి లేకుంటే, సంఘం పిల్లలతో బొమ్మలు చేయిస్తోందా? ప్రశ్న న్యాయమైనది. ఈ సంపాదకీయం దానికి జవాబు.

ముందు ఒక విషయంలో మేము ఆ ఉత్తరాలతో ఏకీభవిస్తున్నాం. ఏ సెన్సారూ మద్దతు ధర ఇప్పించదు. ఏ యాపూ అప్పు తీర్చదు. స్మార్ట్ వ్యవసాయం పేరుతో జరిగే సభల్లో, సమస్య రైతు అజ్ఞానమేనన్నట్టు, ఫోను చూసుకుంటే ఆదాయం రెట్టింపవుతుందన్నట్టు మాట్లాడే పెద్దమనుషులతో మనకు పొత్తు కుదరదు. కానీ సెన్సార్లు మనం పిలిస్తే వచ్చేవీ కావు, వద్దంటే ఆగేవీ కావు. వచ్చేశాయి. మోటారు స్టార్టర్‌లో ఉన్నాయి, డ్రిప్ కంపెనీవాళ్ల పెట్టెల్లో ఉన్నాయి, ఆకాశంలో ఉపగ్రహాల్లో ఉన్నాయి. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టాలని నిర్ణయించి శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టినప్పుడు రైతు సంఘాలన్నీ వ్యతిరేకించాయి. అప్పుడు మనం వ్యతిరేకించింది కొలతను కాదు. కొలత వెనకాల వచ్చే బిల్లును. ఈ తేడా మన కార్యకర్తలే కొన్నిసార్లు మరిచిపోయి, కొలిచే ప్రతి పెట్టెనూ శత్రువులా చూస్తున్నారు.

కొలత మన చేతిలో ఉన్న కాలం కూడా ఒకటుంది. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతుల భాగస్వామ్యంతో భూగర్భ జలాల యాజమాన్య పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. ఆ పథకం ఎవరికీ ఉచితంగా బోరు వేయించలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. వానమాపకం పెట్టి రోజూ వాన కొలవడం, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం చూడటం, బోరు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో లెక్కగట్టడం, ఇవన్నీ ఊళ్లోని ఆడా మగా రైతులకే నేర్పింది. ఆ అంకెలు ఊరి గోడ మీద అందరికీ కనపడేలా రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలు తాగే నీళ్లెన్ని అని పద్దు వేసుకున్నారు. పద్దు చూశాక వరి మడులు తగ్గించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరూ జీవో ఇచ్చి బెదిరించలేదు. అంకె తాము కొలిచిందే కాబట్టి నమ్మారు. ఆనాటి తాడు, గంట కట్టిన కొలత టేపు స్థానంలో ఇవాళ ఐదారు వందల రూపాయల బోర్డు వచ్చింది. మారింది పనిముట్టు మాత్రమే. అంకె గోడ మీద రాస్తారా, ఎక్కడో కంపెనీ కంప్యూటర్లో దాస్తారా అన్న ప్రశ్న అప్పటిదే.

ఇక శిక్షణలో ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్పాలి. నేర్పడంలోనే అసలు కీలకం ఉంది, మేము కూడా అక్కడే కొన్ని తప్పులు చేశాం.

బజారులో దొరికే శిక్షణలు ఎక్కువగా ఇంటర్నెట్‌తో మొదలవుతాయి. ఫలానా వైరు ఫలానా పిన్నుకు పెట్టు, ఈ కోడ్ నకలు కొట్టు, ఫోన్‌లో గ్రాఫ్ చూడు, ఫొటో దిగు. సర్టిఫికెట్ వస్తుంది. వారం తర్వాత ఒక వైరు ఊడితే దాన్ని మళ్లీ పెట్టడం రాదు. మేము మొదటి ఆదివారం బోర్డు బయటికి తీయలేదు. ఎవరి పొలం మట్టి వాళ్లు తెచ్చుకున్నారు. కంసాలి దగ్గర అడిగి తెచ్చిన త్రాసులో 120 గ్రాముల తడిమట్టి తూచి, ఇనప పెనం మీద చెమ్మంతా పోయేదాకా వేయించి మళ్లీ తూచారు. ప్రయోగశాలలో అయితే 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు, పెనం పద్ధతి దానికి దగ్గర దారి. 100 గ్రాములు మిగిలితే ఆ మట్టిలో తేమ 20 శాతం. తర్వాత ధాన్యంతో చేశారు. 100 గ్రాములు ఎండి 83 మిగిలితే 17 శాతం. ఇక్కడే ఇంటర్ చదివే అమ్మాయి పట్టుకుంది: "సార్, మట్టికి ఎండిన బరువు మీద లెక్క కట్టాం, వడ్లకు తడి బరువు మీద కడుతున్నామేంటి?" నిజమే. రెండు లెక్కలు వేరు. అవే వడ్లను మట్టి లెక్కన కడితే 17 కాదు, ఇరవైన్నర వస్తుంది. శాతం అనే మాట విన్న ప్రతిసారీ 'దేని మీద శాతం' అని అడగడం ఆ రోజు పద్నాలుగు మందికీ అలవాటైంది. ఆ ఒక్క అలవాటుకే ఆరు ఆదివారాలు ఖర్చుచేసినా నష్టం లేదు.

రెండో వారం బోర్డు వచ్చింది. మేము వాడింది ఈఎస్‌పీ32 అనే చైనా చిప్పున్న బోర్డు. అరచేతిలో సగం ఉంటుంది, వైఫై అందులోనే ఉంటుంది, 3.3 వోల్టుల మీద నడుస్తుంది. దాన్ని ముట్టుకుంటే షాకు కొట్టదు, తప్పు చేస్తే మహా అయితే బోర్డు కాలుతుంది. రెండు కాలాయి కూడా. మొదట ఒక బల్బు వెలిగించి ఆర్పడం, తర్వాత ఉష్ణోగ్రత, గాలిలో తేమ చెప్పే డీహెచ్‌టీ11 సెన్సారు. దాని అంకె రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చని తయారీదారే చెబుతాడు. ఒకే గదిలో పక్కపక్కన పెట్టిన ఐదు సెన్సార్లు ఐదు అంకెలు చూపించాయి. "ఏది నిజం?" అని అడిగారు. ఆ ప్రశ్న రావాలనే ఐదు పెట్టాం. పాదరసం థర్మామీటరు తెచ్చి మధ్యలో పెట్టి, ఏది ఎంత తప్పుతోందో రాసుకున్నారు. తర్వాత ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. సెన్సారు ఎంత మంచిదన్నదాని కన్నా దాన్ని ఎక్కడ పెట్టామన్నదే ఎక్కువ తేడా తెస్తోంది.

మూడో వారం మట్టి తేమ. చౌకలో దొరికేది రెండు పుల్లల సెన్సారు. తడి ఉన్నచోట కరెంటు బాగా పారుతుంది, ఎండినచోట పారదు, అంతే దాని సూత్రం. పత్తి లోడులో గుచ్చే సూదుల్లో చాలావాటిదీ ఇదే సూత్రమని చెప్పగానే గది నిశ్శబ్దమైంది. తర్వాత ఒకేసారి అందరూ మాట్లాడారు. పత్తిని గట్టిగా కుక్కినచోట, వదులుగా ఉన్నచోట అంకె వేరుగా వస్తుందా? వస్తుంది. చేతి చెమట తగిలితే? వస్తుంది. అయితే ఎన్నిచోట్ల గుచ్చి సగటు తీయాలి? ఆ రోజు పాఠం అక్కడే ఆగింది, మేమూ ఆపలేదు.

ఆ రెండు పుల్లల సెన్సార్లను నిరంతరం కరెంటులో ఉంచి పొలంలో వదిలేస్తే మూడు వారాల్లో ఒక పుల్ల మీది పూత తినేసినట్టు పోయింది. తడిమట్టిలో కరెంటు ఒకే దిక్కున పారుతూ ఉంటే లోహం అరిగిపోతుంది. కొలిచేటప్పుడు మాత్రమే కరెంటు ఇవ్వాలి, లేదా లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం వాడాలి. ఇది మాకు ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు, పాడైనదాన్ని చేత్తో పట్టుకుని చూస్తేనే గుర్తుంటుందని. కెపాసిటివ్ రకం మట్టి ఎండితే పెద్ద అంకె, తడిస్తే చిన్న అంకె చూపిస్తుంది. మా దగ్గర గాలిలో 2,900 దగ్గర, నీళ్ల గ్లాసులో 1,300 దగ్గర ఆగింది. ఈ రెండింటి మధ్య ఎర్రనేలకు ఒక పట్టిక, నల్లరేగడికి ఒక పట్టిక పెనం మట్టితో పోల్చి ఎవరిది వాళ్లు రాసుకున్నారు. అంగడిలో కొన్న యంత్రం ఏ నేలకైనా ఒకే పట్టికతో శాతం చెబుతుంది. నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చినప్పుడు సెన్సారు పక్కన ఖాళీ ఏర్పడి, కింద తడి ఉన్నా పూర్తిగా ఎండినట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి మోటారు వేసినవాడు నీళ్లు వృథా చేసుకుంటాడు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మట్టిలో గుచ్చితే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ చెబుతుందని ఒక పుల్లను ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. చౌకగా వచ్చే ఆ పుల్లలు చాలావరకు మట్టిలో కరెంటు ఎంత పారుతోందో కొలిచి, మిగతాది ఊహించి చెబుతాయి. దాన్ని నమ్మి ఎరువు మానేసినా నష్టమే, వేసినా నష్టమే. మట్టి పరీక్ష ల్యాబుకు అది బదులు కాదు.

నాలుగో వారం నెట్‌కు కలిపాం. ఒక కుర్రాడి సెన్సారు అప్పటిదాకా చక్కగా పనిచేసి, వైఫై కలపగానే మూగబోయింది. సెన్సారు మార్చాడు, వైరు మార్చాడు, బోర్డు మార్చాడు. మూడు గంటలు కొట్టుకున్నాడు. "నెట్ తీసేసి చూడు" అన్న ఒక్క మాట సాయం చేశాం. ఆ బోర్డులో కొన్ని పిన్నులు వైఫై నడుస్తున్నంతసేపూ ఇలాంటి సెన్సారు రీడింగు తీసుకోలేవు, 32 నుంచి 39 దాకా ఉన్న పిన్నులు తీసుకోగలవు. పిన్ను మార్చగానే వచ్చింది. ఆ కుర్రాడు ఇప్పుడు అవతలివాళ్లకు నేర్పుతున్నాడు. తనకు తెగిన చోటునే ముందుగా చూపిస్తున్నాడు.

పొలంలో వైఫై ఉండదు కనుక సిమ్ము పెట్టే మాడ్యూలు కావాలి. చౌకగా దొరికేది 2జీ మీద నడిచేది. అందులో జియో సిమ్ము పనిచేయదు, ఆ కంపెనీకి 2జీయే లేదు. ఈ సంగతి తెలియక మాడ్యూలు పాడైందనుకుని పారేసినవాళ్లున్నారు. సిమ్ము సరైనదే అయినా, మెసేజి పంపబోయేసరికి మాడ్యూలు ఆగి మళ్లీ మొదలవుతోంది. కుర్రాళ్లంతా కోడ్ వెతుకుతుంటే వైండింగ్ మేస్త్రీ దూరం నుంచి చూసి, "ఒరేయ్, మోటారు స్టార్టయ్యేటప్పుడు లైట్లు డిమ్మవుతాయి చూడు, అదిరా ఇది" అన్నాడు. నిజంగా అదే. పంపే క్షణంలో అది రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, ఫోను చార్జరు తీగ అంత ఇవ్వలేక వోల్టేజి పడిపోతోంది. ముప్పై ఏళ్లు మోటార్లు విప్పిన చేయి ముందు కంప్యూటరు చదువు చిన్నబోయింది. ఇలాంటి మేస్త్రీలు మన ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టకుండా పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు ఒక్కడే పాఠం చెప్పే శిక్షణలు మనకొద్దు.

మోటారు సంగతి వచ్చింది కాబట్టి దాని దగ్గర ఆగాలి. ఈ పిల్లలందరూ మొదట అడిగేది, ఫోను నుంచి మోటారు వేయడం. ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. వేళాపాళా లేని కరెంటు కోసం అర్ధరాత్రి టార్చిలైటుతో వెళ్లి పాము కాటుకో, తడిచేత్తో స్టార్టరు ముట్టుకుని షాకుకో పోయినవాళ్లు లేని ఊరు లేదు. అందుకే రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, మడి నిండినా తిరుగుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను అడగాల్సి వచ్చింది. ఆ పెట్టె రైతు దురాశలోంచి పుట్టలేదు, కరెంటు సరఫరా తీరులోంచి పుట్టింది. పగటిపూట తొమ్మిది గంటలు కోత లేకుండా ఇవ్వాలన్న మన డిమాండు ఏ సెన్సారు వచ్చినా అలాగే ఉంటుంది.

కానీ శిక్షణలో మేము పెట్టిన నియమం ఒకటుంది, మా మీద కోప్పడ్డా దాన్ని సడలించం. నేర్చుకునేవాళ్లెవరూ త్రీఫేజ్ బోర్డు మూత తెరవకూడదు. 415 వోల్టులు రెండో అవకాశం ఇవ్వవు. వంద రూపాయల లోపు దొరికే రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది. ఐదు హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లే కదా అని నేరుగా దాని మీద పెట్టాలనిపిస్తుంది. స్టార్టయ్యే క్షణంలో అది దానికి ఐదారు రెట్లు లాగుతుంది. రిలే అంటుకుపోతుంది, ఆపాలన్నా మోటారు ఆగదు. రిలే చేయాల్సింది స్టార్టరులోని కాంటాక్టరు కాయిల్‌ను నడపడం వరకే, అదీ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ కలిపితేనే. సింగిల్ ఫేజింగ్ నివారణ పరికరాన్ని తప్పించి కలపకూడదు. ఇంకో ప్రమాదం ఎవరూ చెప్పరు: దూరం నుంచి మోటారు వేసేవాడికి, ఆ సమయంలో బోరు దగ్గర ఎవరి చేయి ఉందో కనపడదు. మరమ్మతుకు వెళ్లేవాడు ముందు మెయిన్ దించి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోవాలి.

అందుకే మోటారు వేయడం కన్నా మోటారును చూడటం నేర్పాం. తీగను కోయకుండా దాని చుట్టూ తొడిగే సీటీ క్లాంపు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ దాన్ని తొడిగి ఇస్తే చాలు, ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో బోర్డు చెబుతుంది. బోరు ఎండి మోటారు ఉత్తిగా తిరిగితే ఆంపియర్లు తగ్గుతాయి, ఫోనుకు మెసేజి వస్తుంది. కాలిపోయిన మోటారు పైకి తీయించి వైండింగ్ చేయించే ఖర్చు తెలిసినవాళ్లకు ఆ మెసేజి విలువ చెప్పక్కర్లేదు. కౌలు రైతు అయిన ఆ అక్క తన మోటారు రోజూ నిజంగా ఎన్ని గంటలు నడిచిందో రెండు నెలలు నోటుబుక్కులో రాసింది. మొన్న సబ్‌స్టేషన్ దగ్గర ధర్నాలో మనం చదివిన అంకెలు ఆ నోటుబుక్కులోవే. ఇన్ని గంటలు ఇచ్చామన్న అధికారి ముందు మొదటిసారి మన దగ్గర మన అంకె ఉంది.

ఇప్పుడు అసలు తగాదాకు వద్దాం. పొలంలో పుట్టిన అంకె ఎక్కడికి పోతుంది?

ఇలాంటి పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎంక్యూటీటీ అనే పద్ధతిని 1999లో ఇద్దరు ఇంజనీర్లు ఎడారిలోని చమురు పైపులైన్లను దూరం నుంచి కనిపెట్టి ఉండటానికి తయారుచేశారు. ఉపగ్రహం ద్వారా పంపాలి కాబట్టి మాట చాలా పొదుపుగా ఉండాలి. నెట్ సరిగా అందని మన పొలానికీ అది అందుకే సరిపోతుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు ఉచితం. పాత కంప్యూటరు ఒకటి సంఘం ఆఫీసులో పెడితే పద్నాలుగు పొలాల అంకెలు అక్కడికే వస్తాయి. మేము అలాగే చేశాం. కరెంటు పోయినప్పుడు ఆగుతుంది, ఒకసారి ఎలుక వైరు కొరికింది. అయినా అంకెలు మనవి.

కంపెనీ పెట్టె కొంటే అంకెలు కంపెనీ సర్వరుకు పోతాయి. కంపెనీ దయ ఉన్నన్నాళ్లే పెట్టె పనిచేస్తుంది. అమెరికాలో రివాల్వ్ అనే ఇంటి పరికరాన్ని, దాన్ని కొనుక్కున్న పెద్ద కంపెనీ 2016 మేలో సర్వరు ఆపేసి ఒక్క రోజులో పనికిరాని డబ్బాగా మార్చింది. అక్కడి రైతులు తమ సొంత ట్రాక్టరును తామే బాగుచేసుకునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. సాఫ్ట్‌వేరు తాళం కంపెనీ దగ్గరుంటే, కోతల మధ్యలో ఆగిన యంత్రం డీలరు మనిషి వచ్చేదాకా కదలదు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలకు ఆ హక్కునిస్తూ చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ కంపెనీ మీద ఇదే విషయంలో దావా వేసింది. వందల ఎకరాలున్న రైతుల గతే అది. రెండెకరాల కౌలుదారు ఏ కోర్టుకు పోతాడు?

మన దగ్గర 2021లో కేంద్రం రైతుల వివరాల మీద పనిచేయడానికి మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఐటీసీ, జియో వంటి సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. 2023 ఆగస్టులో తెలంగాణలో వ్యవసాయ డేటా ఇచ్చిపుచ్చుకునే వేదిక మొదలైంది. 2024 సెప్టెంబరులో 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను కేంద్రం ఆమోదించింది. రైతు గుర్తింపు సంఖ్య భూమి పట్టాతో ముడిపడి ఉంది కనుక, సాగుచేసే కౌలు రైతు ఆ లెక్కలో కనపడడు. ఈ వ్యవహారాల మీద సభల్లో మనం తీర్మానాలు చేశాం, చేస్తాం. కానీ డేటా అంటే ఏమిటో తన చేత్తో ఎప్పుడూ పుట్టించని మనిషికి ఆ తీర్మానం గాలిలో మాటలాగే వినపడుతుంది. తన పొలం తేమ అంకె బోర్డులోంచి బయలుదేరి, ఏ చిరునామాకు పోతుందో కోడ్‌లో తానే రాసిన పిల్లకు వివరించక్కర్లేదు. చివరి రోజు ఆ ఇంటర్ అమ్మాయి అడిగింది: "ఇక్కడ నేను వేరే చిరునామా రాస్తే నాన్న పొలం సంగతి వాళ్లకు తెలుస్తుంది కదా సార్? అయితే కంపెనీ పెట్టెలో ఏ చిరునామా రాసి ఉందో ఎలా చూడాలి?" చూడలేవమ్మా, దానికి తాళం ఉంది అని చెప్పాం.

ప్రభుత్వాలను అడగాల్సినవి అడుగుతున్నాం. తెలంగాణలో రైతు వేదికలు, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాల భవనాలు చాలాకాలం ఖాళీగా ఉంటున్నాయి. అక్కడ ఒక బల్ల, నాలుగు బోర్డులు, ఒక త్రాసు పెట్టి, ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలతో, కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలతో తెలుగులో ఈ శిక్షణ నడపాలి. సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి పరికరానికి విప్పి బాగుచేసుకునే హక్కు, అంకెలు రైతు ఫోనుకే నేరుగా వచ్చే ఏర్పాటు షరతుగా ఉండాలి. కొనుగోలు కేంద్రాల్లో తేమ మీటరును రోజూ రైతుల ముందు సరిచూసి, ఆ ఫలితాన్ని బోర్డు మీద రాయాలి. ఈ మూడోది వెంటనే కావాలి, దానికి పైసా ఖర్చు లేదు.

అన్నిటికీ సెన్సారు అక్కర్లేదన్నది కూడా శిక్షణలో ఒక పాఠమే. వరి మడికి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పే సాధనం, 30 సెంటీమీటర్ల పొడవున్న చిల్లుల ప్లాస్టిక్ పైపు. దాన్ని మడిలో దించి లోపలికి చూడాలి. నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక తడి పెడితే చాలు, పూత దశలో మాత్రం నీళ్లు నిలవాలి. బ్యాటరీ లేదు, సిమ్ము లేదు, చిరునామా లేదు. మా పద్నాలుగు మందిలో ఐదుగురు వరి రైతుల పిల్లలు చివరికి ఇంటికి పట్టుకెళ్లింది ఆ పైపు ముక్కే. వాళ్లు బాగా నేర్చుకున్నారనే మా అభిప్రాయం.

రెండో విడత శిక్షణ సంక్రాంతి వెళ్లాక వచ్చే మొదటి ఆదివారం మొదలవుతుంది. ఈసారి ఇరవై మందికి చోటుంది, అందులో సగం ఆడవాళ్లకు. రుసుము లేదు, కాలిపోయిన బోర్డు ఖర్చు సంఘానిది. ల్యాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు. తెచ్చుకోవాల్సినవి: ఒక నోటుబుక్కు, మీ పొలంలో జానెడు లోతు నుంచి తవ్విన కిలో మట్టి, ఎండిన వడ్లో పత్తో ఒక సంచి. మండలంలో తెలిసిన వైండింగ్ మేస్త్రీ ఎవరైనా ఉంటే వెంటబెట్టుకు రండి. ఆయనకు రోజు కూలి ఇస్తాం.